కంట్రోల్స్ కష్టమైతే ఆట నిజమైపోతుందా? (జోన్, పిన్‌పాయింట్ గోల)

స్లైడర్_శీను
ఒక మాట తేల్చండి. ఇన్నాళ్లూ ఎమ్మెల్బీ ద షోలో (అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ వీడియో గేమ్) డైరెక్షనల్ బ్యాటింగ్, క్లాసిక్ పిచింగ్ (బంతి విసరడం) పెట్టుకుని హాయిగా ఫ్రాంచైజ్, అంటే ఒక టీమ్‌ని సీజన్ల తరబడి నడిపే మోడ్, ఆడుకుంటున్నా. బటన్ నొక్కితే బ్యాట్ తిరుగుతుంది, ఇంకో బటన్ నొక్కితే బంతి పడుతుంది. ఎవడికీ నష్టం లేదు. ఇక్కడే ఇంకో థ్రెడ్‌లో "అవి పిల్లల సెట్టింగ్స్, అసలు బేస్‌బాల్ ఆడాలంటే జోన్, పిన్‌పాయింట్" అని నలుగురు కలిసి వాయించారు. రోషమొచ్చి మార్చా.

ఇప్పుడు నా టీమ్ మొత్తం బ్యాటింగ్ యావరేజ్ 0.150 (వంద ప్రయత్నాల్లో పదిహేను హిట్లు) దగ్గర ఈడుస్తోంది. లీగ్‌లో పేరున్న హిట్టర్ కూడా నా చేతిలో పడ్డాక గాలిని కొడుతున్నాడు. పిచింగ్ సంగతి చెప్పక్కర్లేదు. పిన్‌పాయింట్‌లో ఫాస్ట్‌బాల్‌కి కంట్రోలర్ స్టిక్ కిందకి లాగి పైకి నెట్టాలి, సరే. పక్కకి జారే స్లైడర్‌కి ఒక వంపు, కిందకి వంగే కర్వ్‌కి ఇంకో వంపు, స్క్రీన్ మీద గీత కనిపిస్తుంటే దాని మీదే దిద్దాలి. నేను పిచింగ్ చేస్తున్నానా, కాపీ రాస్తున్నానా?

అడిగేది ఒక్కటే. నా వేళ్లకి పని పెంచితే అది రియలిజం ఎలా అవుతుంది? మైదానంలో జరిగేది నిజంలా ఉండాలా, నా చెయ్యి పడే తిప్పలు నిజంలా ఉండాలా?

కర్వ్‌బాల్_కుమార్
అలవాటు కాలేదు, అంతే. దీనికి ఇంత ఫిలాసఫీ ఎందుకు?

ఫౌల్‌బాల్
0.150 అంటే పిచర్లు కూడా బ్యాటింగ్ చేసిన రోజుల్లో వాళ్లలో కొందరికి వచ్చిన యావరేజ్. ఆ లెక్కన నీది పక్కా రియలిస్టిక్.

జీరో_ఎర్రర్స్
శీనూ, నలుగురిలో ఒకణ్ణి నేనే, కాబట్టి జవాబు చెప్పే బాధ్యత నాదే.

పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. గంటకి 95 మైళ్ల బంతి చేతిలోంచి వదిలాక ప్లేట్ దగ్గరకి రావడానికి సుమారు 0.4 సెకను. అందులో బ్యాట్ తిప్పడానికే 0.15 దాకా పోతుంది. మిగిలిన పావు సెకనులో బంతి ఏ రకం, ఎటు పోతోంది, కొట్టాలా వదలాలా అని తేల్చుకోవాలి. బేస్‌బాల్ బ్యాటింగ్ అంటే ఇదే. ఇంకేం కాదు.

డైరెక్షనల్‌లో ఈ పనిలో సగం నువ్వు చెయ్యవు. బంతి ఎక్కడికొస్తుందో బ్యాట్ తనే చూసుకుంటుంది. నువ్వు టైమింగ్ ఒక్కటే చూస్తావు, మహా అయితే పుల్ చెయ్యాలా అటువైపు నెట్టాలా అని స్టిక్ వంచుతావు. జోన్‌లో ఎడమ స్టిక్‌తో పీసీఐని (బ్యాట్ ఎక్కడ తగులుతుందో చూపించే గుర్తు) బంతి దగ్గరకి నువ్వే తీసుకెళ్లాలి. అంటే ఎక్కడ, ఎప్పుడు అనే రెండు ప్రశ్నలూ నీవే. అసలు బ్యాటర్‌కున్న ప్రశ్నలూ ఆ రెండే. వేళ్లకి పని పెరగడం కాదు గురూ, కంటికి పని పెరగడం.

పిన్‌పాయింట్ గురించి మాత్రం నేను అంత గట్టిగా వాదించను. అది నాకు ఇష్టం, అంతే.

స్లైడర్_శీను
కంటికి పని అన్నావు చూడు, అక్కడే నా గొడవ. అసలు బ్యాటర్ ముందు బంతి మూడు కొలతల్లో వస్తుంది. పిచర్ భుజం, మోచెయ్యి, వేళ్లు అన్నీ కనిపిస్తాయి. నా ముందు పలక లాంటి టీవీ, అందులో చిన్న చుక్క. ఆ చుక్కని బొటనవేలితో వెంబడించడం కొత్త విద్య. దానికి రియలిజం అని పేరు పెట్టడమే నాకు నచ్చట్లేదు.

బుల్‌పెన్_బుజ్జి
తిట్టుకునే ముందు టీవీ చూసుకో అన్నా. గేమ్ మోడ్ ఆన్‌లో ఉందా? సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. జీరో చెప్పిన 0.4 సెకను మొత్తం కలిపి 24 ఫ్రేములు. టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ 50 మిల్లీసెకన్లు మింగిందనుకో, అందులో మూడు ఫ్రేములు గోవిందా. డైరెక్షనల్‌లో అలవాటుగా ముందే నొక్కేస్తాం కాబట్టి తెలీదు. జోన్‌లో బయటపడుతుంది.

స్లైడర్_శీను
గేమ్ మోడ్ మొదటి రోజు నుంచీ ఆన్‌లోనే ఉంది. కేబుల్ కూడా మార్చి చూశా. టీవీ మీదకి నెట్టకండి.

బుల్‌పెన్_బుజ్జి
సరే సరే. ఆన్‌లైన్ ఆడేటప్పుడు మాత్రం నా మాట గుర్తుంచుకో. అక్కడ నెట్ ఆలస్యం కూడా తోడవుతుంది.

పాతకార్ట్రిడ్జ్
మీరంతా నిన్నగాక మొన్న పుట్టినట్టు మాట్లాడుతున్నారు. 1980ల చివర్లో ఆర్‌బీఐ బేస్‌బాల్‌లో బంతి వదిలాక కూడా గాల్లో ఉండగానే ఎడమకీ కుడికీ తిప్పేవాళ్లం. ఫిజిక్స్ మాస్టారు చూస్తే స్పృహ తప్పేవాడు. అయినా దాంట్లో పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య ఎత్తుకు పైఎత్తు ఎంత బాగా ఉండేదో! లోపలికి వస్తుందనుకుని బ్యాటర్ జరిగితే చివరి క్షణంలో బయటికి లాగేసేవాళ్లం. మోసం చెయ్యడమే కదా పిచర్ పని. అది ఉంది. మిగతాదంతా అలంకారం.

నన్నడిగితే రియలిజానికి దగ్గరగా వచ్చింది ఎమ్‌వీపీ బేస్‌బాల్ 2005. అందులో హిట్టర్స్ ఐ అని ఉండేది. పిచర్ చేతిలోంచి బంతి వదిలే క్షణంలో దాని రకాన్ని బట్టి ఒక రంగు తళుక్కుమనేది. మంచి బ్యాటర్లు బంతి తిరుగుడునీ, చేతి కోణాన్నీ చూసి రకం పసిగడతారంటారు. టీవీలో మనకి అది కనిపించదు. అందుకని ఆ సమాచారాన్ని రంగుగా మార్చి ఇచ్చారు. శీను అడిగింది సరిగ్గా ఇదే కదా, పలకలో చుక్క అని? నిజంలో లేని రంగు పెట్టి నిజానికి దగ్గర చేశారు. ఇవాళ్టి ఆటలు స్టిక్ మీద చూపించే శ్రద్ధ దీని మీద చూపిస్తే బాగుండు.

కర్వ్‌బాల్_కుమార్
మొదలైంది ఎమ్‌వీపీ 2005 భజన. ప్రతి థ్రెడ్‌లో ఎవరో ఒకరు.

పాతకార్ట్రిడ్జ్
2005లో 2కే ఆటలు తీసే టేక్-టూ వాళ్లు ఎమ్మెల్బీతో ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం చేసుకోవడంతో ఎమ్‌వీపీ తీసే ఈఏ లైసెన్స్ పోయింది. పోకపోయి ఉంటే ఇవాళ నీకు భజన అక్కర్లేదు, ఆటే ఉండేది.

లెఫ్టీ_లావణ్య
జీరో పిన్‌పాయింట్‌ని పక్కన పెట్టేశారు గానీ అసలు తగువు అక్కడే ఉంది.

నా ఫ్రాంచైజ్‌లో ఒక రిలీవర్ (మధ్యలో దిగే పిచర్) ఉన్నాడు. ఫాస్ట్‌బాల్ 99 మైళ్లు, కంట్రోల్ రేటింగ్ అడుగున. నిజంలో అయితే ఇలాంటివాణ్ణి పంపించాలంటే మేనేజర్ గుండె చేత్తో పట్టుకోవాలి. రెండు వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఉచితంగా ఫస్ట్ బేస్) ఇస్తాడో, ముగ్గురిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేస్తాడో ఎవరికీ తెలీదు. క్లాసిక్‌లో అతను అచ్చంగా అలాగే ఉంటాడు. నేను స్ట్రైక్ జోన్ (మంచి బంతిగా లెక్కేసే మేర) మూలకి గురిపెడతా, బంతి మధ్యలోకి పోతుంది, లేదా క్యాచర్ తల మీదుగా పోతుంది. తిట్టుకుంటా, కానీ అది అతని తప్పు.

పిన్‌పాయింట్‌కి మారాక అతను వేరే మనిషైపోయాడు. నా చెయ్యి కుదిరిన రోజు గీత సరిగ్గా దిద్ది, వేగం సరిచూసుకుని, చివర్లో స్టిక్ తిన్నగా వదిలితే బంతి మూలలో కూర్చుంటుంది. అంటే మైదానంలో ఉన్నది అతను కాదు, నా బొటనవేలు. ఎవరిని పంపినా అదే బొటనవేలు. ఇక వేర్వేరు పిచర్లు ఎందుకు, జెర్సీ నంబర్లు ఎందుకు?

నా దృష్టిలో ఆటగాడు ఆటగాడిలా ప్రవర్తించడమే రియలిజం. ఆ లెక్కన సులువైన కంట్రోలే ఎక్కువ నిజం. శీను గారు పిల్లల సెట్టింగ్ అని సిగ్గుపడాల్సిన పనే లేదు.

స్లైడర్_శీను
లావణ్య గారూ, నేను రెండు రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నది మీరు నాలుగు ముక్కల్లో చెప్పేశారు.

జీరో_ఎర్రర్స్
సగమే నిజం. పిన్‌పాయింట్‌లోనూ రేటింగ్ ఊరుకోదు. గురిపెట్టిన చోట బంతి ఎంత మేరలో పడొచ్చో చూపించే వలయం ఉంటుంది కదా, పీఏఆర్. కంట్రోల్ తక్కువ ఉన్నవాడికి అది పెద్దది, అలసిపోయినా కంగారుపడినా ఇంకా పెద్దది. మీరెంత అందంగా దిద్దినా బంతి ఆ వలయంలో ఎక్కడో పడుతుంది తప్ప చుక్క మీద పడాలని రూలు లేదు. బ్యాటింగ్‌లోనూ అంతే, రేటింగ్‌ని బట్టి పీసీఐ సైజు మారుతుంది. పవర్ స్వింగ్ నొక్కితే చిన్నదవుతుంది, కాంటాక్ట్ నొక్కితే పెద్దదవుతుంది.

కాబట్టి ఆటగాడు పూర్తిగా మాయమైపోడు. ఆటగాడు, మీ బొటనవేలు, ఇద్దరూ కలిసి ఆడతారు.

లెఫ్టీ_లావణ్య
వలయం ఉంది, ఒప్పుకుంటా. కానీ బొటనవేలు వాటా ఎంత, ఆటగాడి వాటా ఎంత? చెయ్యి తిరిగినవాళ్లు వలయం పెద్దదైనా దాన్ని ప్లేట్ బయటికి జరిపి, బ్యాటర్ వెంటపడి కొట్టేలా చేస్తారు. మీరు చేసేదీ అదే, మీ వీడియోలు చూశాను.

జీరో_ఎర్రర్స్
అది పిచింగ్ అండీ. నిజంలోనూ కంట్రోల్ లేనివాడి చేత క్యాచర్ అలాగే వేయిస్తాడు.

నాకిల్‌బాల్_నాని
నేను పల్స్ వాడతా. ఒక వలయం పెరిగి తగ్గుతుంటుంది, చిన్నదైనప్పుడు నొక్కాలి. లోకంలో ఏ పిచర్ కళ్ల ముందూ వలయం పెరిగి తగ్గదు. అయినా నా గుండె కూడా దాంతో పాటే కొట్టుకుంటుంది. తొమ్మిదో ఇన్నింగ్, బేసులు నిండి ఉన్నాయి, మూడు బాల్స్ రెండు స్ట్రైక్‌లు, వలయం దడదడలాడుతుంటే వచ్చే టెన్షన్ ఉంది చూడండి, పిచర్‌కీ అదే ఉంటుందని నా నమ్మకం.

ఫౌల్‌బాల్
పల్స్ వాడేవాడు ఇక్కడ ఒకడున్నాడని ఇవాళే తెలిసింది. మ్యూజియం వాళ్లకి కబురు పెట్టండి.

థర్డ్‌బేస్_తాత
నేను చివరి దాకా చదివాకే రాస్తున్నా. మీరంతా బొటనవేలు బొటనవేలు అంటున్నారు. నా కుడి బొటనవేలి కీలు అరిగింది. కుడి స్టిక్ వెనక్కి లాగి ముందుకి నెట్టే ప్యూర్ అనలాగ్ స్వింగ్ నాలుగు ఇన్నింగ్స్ ఆడితే రాత్రికి నొప్పి లేస్తుంది. పిన్‌పాయింట్ నాకు కుదరని పని. ఒక్క బటన్ బ్యాటింగ్, క్లాసిక్ పిచింగ్, ఫీల్డింగ్‌లో చాలావరకు ఆటోమేటిక్. మిమ్మల్ని అడిగితే నేను ఆడేది బేస్‌బాలే కాదంటారేమో.

కానీ నేను ఏం చేస్తానో చూడండి. ఒక్క బాల్, రెండు స్ట్రైక్‌లు అయితే ఈ పిచర్ ఇప్పుడు ఏం వేస్తాడు అని ఆలోచిస్తా. గెస్ పిచ్ ఆన్ చేసి ముందే రకం ఊహిస్తా. ఊహ తప్పితే బొక్కబోర్లా పడతా. ఎడమచేతి బ్యాటర్లు వరసగా ముగ్గురు వస్తున్నారని తెలిస్తే ఏడో ఇన్నింగ్‌లోనే బుల్‌పెన్‌లో (మార్పు పిచర్లు సిద్ధమయ్యే చోటు) ఎడమచేతి వాణ్ణి వేడెక్కించి పెడతా. మొదటి బేస్ మీద కాలు చురుకైనవాడుంటే తర్వాతి బేస్ దొంగతనానికి పంపాలా వద్దా అని క్యాచర్ చెయ్యి చూసుకుంటా. ఇదంతా వేళ్ల పని కాదు. టీవీలో ఆట చూసేవాడు తనలో తాను మేనేజర్ని తిట్టుకుంటూ ఆలోచించేదంతా ఇదే.

ఒక్క బటన్ ఆట అంటే తెలివి తక్కువ ఆట అనుకోవద్దు. అంతే నేను చెప్పేది.

లెఫ్టీ_లావణ్య
తాతగారూ, గెస్ పిచ్ గురించి బాగా చెప్పారు. నిజం బ్యాటర్లు కూడా పావు సెకనులో అన్నీ చూసి తేల్చరు, సగం ముందే ఊహించుకుని నిలబడతారు. ఆ ఊహ పనిని నేరుగా ఆటలో పెట్టిన ఆప్షన్ అదొక్కటే. దాన్నేమో అందరూ చీటింగ్ అంటారు.

జీరో_ఎర్రర్స్
తాతగారు ఆడేది బేస్‌బాల్ కాదని నేను ఎప్పుడూ అనలేదు, అనను కూడా. ఈ ఆప్షన్లు అన్నీ ఉంచింది అందుకే.

గెస్ పిచ్ మీద మాత్రం లావణ్య గారితో ఒప్పుకోను. ఊహ కరెక్టయితే ఆట వచ్చి చెవిలో చెప్తుంది. నిజంలో ఎవరూ చెప్పరు.

లెఫ్టీ_లావణ్య
2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ వాళ్లు ఎదుటి క్యాచర్ సైగలు దొంగిలించి, ఏ బంతి వస్తుందో తమ బ్యాటర్లకి చెత్తడబ్బా కొట్టి మరీ చెప్పారు కదా.

ఫౌల్‌బాల్
😂😂 థ్రెడ్ ఆఫ్ ద ఇయర్. డబ్బా చప్పుడు వినిపించే కంట్రోలర్ ఎవరైనా తయారు చెయ్యండి, నేను కొంటా.

మిడాన్_మురళి
డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14లో ఎడమ స్టిక్‌తో కాలు, కుడి స్టిక్‌తో షాట్. కాలు ముందుకి వెయ్యాలా వెనక్కి వెయ్యాలా నువ్వే తేల్చుకోవాలి. బేస్‌బాల్ ఆటల్లో కాళ్ల సంగతి ఎవరికీ పట్టదేం?

కర్వ్‌బాల్_కుమార్
దారి తప్పారు సార్. క్రికెట్ పక్క విభాగం.

పాతకార్ట్రిడ్జ్
పట్టకపోవడమేంటి? ఎమ్‌వీపీ 06 ఎన్‌సీఏఏలో లోడ్ అండ్ ఫైర్ అని పెట్టారు. కుడి స్టిక్ వెనక్కి లాగితే బ్యాటర్ కాలెత్తి బరువు వెనక్కి వేసుకుంటాడు, ముందుకి నెడితే స్వింగ్. తాతగారికి నొప్పి తెచ్చే ప్యూర్ అనలాగ్‌లోనూ ఇదే కథ. కాలు ఎప్పుడెత్తాలో నువ్వే చూసుకోవాలి. చెయ్యి కుదిరినవాడికి అంతకంటే బ్యాట్ పట్టుకున్న అనుభూతి ఇంకెక్కడా రాదు.

పవాప్రో_పిచ్చోడు
అమెరికా ఆటల చుట్టూనే తిరుగుతున్నారు. కొనామి వాళ్ల పవర్‌ఫుల్ ప్రో యాక్యూ 1994 నుంచీ వస్తోంది. బొమ్మల్ని చూస్తే గుండ్రటి తల, చిన్న ఒళ్లు, పాదాలుంటాయి గానీ కాళ్లుండవు. నవ్వుతారు. ఆడటం మొదలుపెట్టండి, నవ్వు ఆగుతుంది.

బ్యాటింగ్‌కి కర్సర్. మీట్ (బంతిని బ్యాట్‌కి తగిలించే) సామర్థ్యం ఎక్కువున్నవాడికి కర్సర్ పెద్దది, బలంగా కొడదామని మోడ్ మారిస్తే చిన్నది. మీరిప్పుడు జోన్ బ్యాటింగ్ అని గొడవపడుతున్నది ఇదే, అక్కడ ఎప్పటి నుంచో ఉంది. కర్సర్ కష్టమనుకునేవాళ్లకి లాక్ ఆన్ పెట్టారు, అది బంతి దగ్గరకి కర్సర్‌ని కాస్త లాగుతుంది. దాన్ని వాడితే పిల్లల సెట్టింగ్ అని తిట్టరు. పైగా ఆటగాడి ఆ రోజు మూడ్‌ని మొహం గుర్తులతో చూపిస్తారు. నిన్న మూడు హిట్లు కొట్టినవాడు ఇవాళ ఏడుపు మొహంతో వస్తే బెంచి మీద కూర్చోబెట్టాలా వద్దా?

2021లో ఒలింపిక్ కమిటీ వర్చువల్ సిరీస్ పెట్టినప్పుడు బేస్‌బాల్‌కి ఎంచుకున్నది ఈ కాళ్లులేని బొమ్మల ఆటే.

స్లైడర్_శీను
బొమ్మలకి కాళ్లు లేవు, ఆటలో నిజం ఉంది అంటున్నావు. మన ఆటలో చెమట చుక్కలు కూడా లెక్కపెట్టుకోవచ్చు, నా హిట్టర్ మాత్రం 0.150.

బుల్‌పెన్_బుజ్జి
శీనన్నా, నువ్వు ఏ డిఫికల్టీలో ఆడుతున్నావో ఇంతవరకు చెప్పలేదు.

స్లైడర్_శీను
హాల్ ఆఫ్ ఫేమ్. డైరెక్షనల్‌లోనూ అదే ఆడేవాణ్ణి.

బుల్‌పెన్_బుజ్జి
దొరికింది! కంట్రోల్, డిఫికల్టీ రెండూ వేర్వేరు మీటలు. కంట్రోల్ కష్టమైనదానికి మార్చినప్పుడు డిఫికల్టీ ఒకటి రెండు మెట్లు దించాలి. వెటరన్‌లో మొదలుపెట్టు, లేదంటే డైనమిక్ పెట్టు, నువ్వు కొట్టేకొద్దీ అదే పెరుగుతుంది. సూపర్ మెగా బేస్‌బాల్ చూడు. బ్యాటింగ్, పిచింగ్ పద్ధతి ఎప్పుడూ ఒకటే. ఈగో అని ఒక అంకె ఉంటుంది, దాన్ని పెంచుకుంటూ పోవడమే. పద్ధతి మార్చకుండానే ఏడిపించొచ్చని వాళ్లు నిరూపించారు.

జీరో_ఎర్రర్స్
బుజ్జి చెప్పింది చెయ్యి. ఇంకొకటి, గేమ్‌ప్లే స్టైల్ ఏది? కాంపిటిటివ్‌లో ఉంటే చేతి నైపుణ్యానికి పెద్దపీట. సిమ్యులేషన్‌లో ఉంటే రేటింగ్స్ ఎక్కువ మాట్లాడతాయి. లావణ్య గారు అడిగిన "ఎవరి వాటా ఎంత" అన్నదానికి ఆట ఇచ్చిన జవాబు ఆ మీటే.

లెఫ్టీ_లావణ్య
సిమ్యులేషన్‌లోనే ఆడతాను. అయినా నా రిలీవర్ సంగతి అంతే.

లెక్కల_లక్ష్మణ్
కంట్రోల్స్ వదిలేసి అంకెలు చూడండి. 2024లో మొత్తం ఎమ్మెల్బీ బ్యాటింగ్ యావరేజ్ 0.243. ఒక్కో బ్యాటర్‌కి సుమారు నాలుగు పిచ్‌లు పడతాయి. వందలో ఎనిమిది మంది వాక్, ఇరవై రెండు మందికి పైగా స్ట్రైకౌట్. మీ సీజన్ అయ్యాక మీ అంకెలు వీటి దగ్గర్లో ఉంటే మీ సెట్టింగ్ రియలిస్టిక్. స్టిక్ తిప్పారా బటన్ నొక్కారా అన్నది నాకు అనవసరం.

మన అందరి రోగం ఒకటే, వాక్‌లు రావు. ఎందుకంటే మనం ఆగలేం. ప్రతి బంతికీ చెయ్యి దురద. పైగా కంప్యూటర్ పిచర్లు స్ట్రైక్‌లు ఎక్కువ వేస్తారు. సెట్టింగ్స్‌లోని స్లైడర్లలో సీపీయూ స్ట్రైక్ ఫ్రీక్వెన్సీ ఒకటి రెండు దించండి, ఫౌల్ ఫ్రీక్వెన్సీ ఒకటి పెంచండి. ఎట్ బ్యాట్‌లు (ఒక్కో బ్యాటర్ వంతు) పొడవుగా సాగుతాయి, ఎదుటి స్టార్టర్ (మొదట దిగిన పిచర్) ఆరో ఇన్నింగ్‌కే అలసిపోతాడు. అప్పుడు బుల్‌పెన్ తెరుచుకుంటుంది, తాతగారి ఆట మొదలవుతుంది.

అంకెలు ఎంత దారి తప్పొచ్చో ఒక ఉదాహరణ. ఎమ్మెల్బీ చరిత్రలో 2023 దాకా పర్ఫెక్ట్ గేములు (ఎదుటి బ్యాటర్లలో ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆటలు) 24. మేజర్ లీగ్ బేస్‌బాల్ 2కే10 గేమ్ వచ్చినప్పుడు తొలి పర్ఫెక్ట్ గేమ్ వేసినవాడికి పది లక్షల డాలర్లు అన్నారు. ఆట బయటికొచ్చిన కొద్ది రోజుల్లోనే ఒకాయన వేసి డబ్బు పట్టుకుపోయాడు.

పాతకార్ట్రిడ్జ్
అందులో పిచింగ్ కూడా కుడి స్టిక్ సైగలే. గుర్తుపెట్టుకోండి, పిన్‌పాయింట్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ద షోలోకి 2021లో వచ్చింది, 2కే వాళ్లు అంతకు ముందే స్టిక్‌తో గీతలు గీయించారు.

ఫౌల్‌బాల్
పది లక్షల డాలర్లు ఇస్తానంటే నేను కూడా వాక్‌ల కోసం ఆగుతా.

షార్ట్‌స్టాప్_సుబ్బు
ఇంత పెద్ద థ్రెడ్‌లో ఫీల్డింగ్ గురించి ఒక్కడూ మాట్లాడలేదు. బ్యాటింగ్‌కి మూడు పద్ధతులు, పిచింగ్‌కి ఐదు పద్ధతులు అని కొట్టుకుంటున్నారు. బంతి కొట్టాక ఏం జరుగుతుంది? షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య ఫీల్డర్) పట్టుకుని విసరాలి. బటన్ ఆక్యురసీ పెడితే అక్కడా మీటర్ ఉంటుంది, ఆకుపచ్చ దగ్గర వదలాలి, ఎక్కువసేపు నొక్కి ఉంచితే బంతి ఫస్ట్ బేస్‌మన్ తల మీదుగా ప్రేక్షకుల్లోకి పోతుంది. నన్నడిగితే మొత్తం ఆటలో నిజానికి దగ్గరున్న కంట్రోల్ అదొక్కటే. తొందరపడితే తప్పు, తాత్సారం చేస్తే రన్నర్ చేరిపోతాడు, చెయ్యి బలంగా ఉన్నవాడికి కాస్త వెసులుబాటు. ఆటగాడి వాటా, బొటనవేలి వాటా సరిగ్గా కుదిరింది.

కర్వ్‌బాల్_కుమార్
ఫీల్డింగ్ నేను ఆటోలో పెట్టా. మీరూ పెట్టుకోండి, ప్రశాంతం.

షార్ట్‌స్టాప్_సుబ్బు
అందుకే ఎవరూ మాట్లాడట్లేదు. కర్మ.

అంపైర్_అప్పారావు
నా పేరు చూసి పిలుస్తారేమో అని ఎదురుచూశా. అంపైర్ల స్ట్రైక్ జోన్ కొద్దిగా అటూ ఇటూ ఉండేలా ఆప్షన్ ఉంది. ఎంతమంది పెట్టుకున్నారు? రియలిజం కావాలని గొంతు చించుకునేవాళ్లంతా పర్‌ఫెక్ట్ అంపైర్‌తోనే ఆడతారు. మూల మీద బంతిని బాల్ అన్నాడంటే కంట్రోలర్ విసిరేస్తారు.

జీరో_ఎర్రర్స్
నేను పెట్టుకోను, ఒప్పుకుంటున్నా. ఎదుటివాడు నన్ను ఓడించాలి గానీ అంపైర్ కాదు.

అంపైర్_అప్పారావు
నిజం బేస్‌బాల్‌లో ఇద్దరూ ఓడించేవాళ్లు. 2026 నుంచి ఎమ్మెల్బీలోనే బాల్, స్ట్రైక్ కాల్స్‌ని చాలెంజ్ చేసే పద్ధతి వచ్చేసింది, కాబట్టి నీ బాధ వాళ్లకీ ఉన్నట్టే.

థర్డ్‌బేస్_తాత
నేను పెట్టుకున్నా. తిట్టడానికి ఒక మనిషి ఉండాలి కదా.

స్లైడర్_శీను
రెండు రోజుల తర్వాత అప్‌డేట్. బ్యాటింగ్ జోన్‌లోనే ఉంచా, వెటరన్‌కి దించా. పిచింగ్ తిరిగి క్లాసిక్. స్టైల్ సిమ్యులేషన్. లక్ష్మణ్ చెప్పినట్టు స్ట్రైక్ ఫ్రీక్వెన్సీ దించా. యావరేజ్ 0.230 దాకా లేచింది, వాక్‌లు కూడా వస్తున్నాయి. బంతి బ్యాట్ మధ్యలో తగిలినప్పుడు కంట్రోలర్‌లో వచ్చే ఆ దెబ్బ డైరెక్షనల్‌లో ఇంత బాగుండేది కాదు, అది మాత్రం చెప్పాలి. పిన్‌పాయింట్‌ని మాత్రం ఈ జన్మలో ముట్టుకోను.

జీరో_ఎర్రర్స్
సగం మనిషి దారికొచ్చాడు.

లావణ్య గారూ, మీతో ఒక పందెం. ఆన్‌లైన్‌లో ఎవరి పిచింగ్ పద్ధతి వాళ్లది. ఇద్దరం కంట్రోల్ తక్కువున్న పిచర్లనే దింపుదాం. నేను పిన్‌పాయింట్, మీరు క్లాసిక్. బొటనవేలే అంతా అయితే నేను ఒక్క వాక్ కూడా ఇవ్వకూడదు.

లెఫ్టీ_లావణ్య
రేపు రాత్రి. పర్‌ఫెక్ట్ అంపైర్ అని ఏడవకూడదు.

ఫౌల్‌బాల్
నేను కామెంటరీ.

లెఫ్టీ_లావణ్య
2-1, జీరో గెలిచారు. అయినా చూడండి, ఆయన పిచర్ వరసగా రెండు వాక్‌లు ఇచ్చి మూడో ఇన్నింగ్‌లోనే బెదిరిపోయాడు. వలయం ఎంత పెద్దదైందంటే స్క్రీన్‌లో సగం అదే. ఆ మేరకు ఆయన మాట నిజమే. నా పిచర్ మాత్రం అడవిలో వదిలిన ఏనుగులా ఎటు పడితే అటు వేశాడు, నేను అతన్ని నిందించగలిగాను, అదే నాకు కావాల్సింది.

జీరో_ఎర్రర్స్
గెలుపు గురించి గొప్పలు చెప్పుకోను. తొమ్మిదో ఇన్నింగ్‌లో నాకొచ్చిన గెలుపు పరుగు హిట్‌తో రాలేదు. సాదా గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి), ఆవిడ షార్ట్‌స్టాప్ ఫస్ట్ బేస్‌కి విసిరిన బంతి మీటర్ ఎరుపులోకి పోయి డగౌట్‌లో తేలింది.

షార్ట్‌స్టాప్_సుబ్బు
ఏ పిచింగ్ పద్ధతి గొప్పదో తేల్చడానికి మ్యాచ్ పెట్టుకుంటే తేల్చింది ఎవరు? నా మీటర్. ఇప్పుడైనా ఫీల్డింగ్ గురించి ఒక థ్రెడ్ తెరుస్తారా లేదా?

కర్వ్‌బాల్_కుమార్
ఆటోలో పెట్టుకోమని ముందే చెప్పా.